ఇంటి నుంచి తెచ్చుకున్న ఇనుము

మా చిన్న బిడ్డ బడి డైరీలో మూడో పేజీ నిండా ఆరోగ్య నియమాలే. "విద్యార్థులు వాడు మందులను తల్లిదండ్రులు స్కూల్ నర్సుకు అప్పగించవలెను. నర్సు అనుమతి లేనిదే ఏ మందూ తరగతి గదిలోకి రాకూడదు. అస్వస్థతకు గురైన విద్యార్థిని సిక్ రూముకు తరలించెదరు." చదివితే ఆ బడికి పిల్లలను పంపే వాళ్ళు ఎంత అదృష్టవంతులో అనిపిస్తుంది. ఆ బడిలో నర్సు లేదు. ఎన్నడూ లేదు. సిక్ రూము అని ఒక బోర్డు మాత్రం ఉంది. ఆ బోర్డు కొట్టిన గదిలో బ్యాండు డప్పులు, విరిగిన బెంచీలు, ఎండాకాలం చలివేంద్రం కోసం కొన్న కుండలు ఉంటాయి. రోగం వచ్చిన పిల్ల లోపలికి పోవాలంటే ముందు డప్పులు బయటికి రావాలి.

ఎక్కడో పెద్ద నగరంలోని పెద్ద బడి డైరీ నుంచి ఆ పేజీని ఎత్తుకొచ్చి, పైన తమ బడి పేరు అచ్చు వేసుకున్నారని నాకు తెలియడానికి ఎక్కువ సేపు పట్టలేదు. ఎత్తుకొచ్చినందుకు నాకు కోపం లేదు. ఎత్తుకొచ్చేటప్పుడు నర్సును కూడా తెచ్చుకోవాలని ఒక్కరికీ తోచలేదు చూడండి, దానికే.

నేను బోధన్‌లో ఒక టింబర్ డిపోలో కొలతలు చూస్తాను. దుంగ చుట్టుకొలత పట్టి, పొడవు పట్టి, ఎన్ని ఘనపుటడుగులు వస్తుందో కట్టడం నా పని. ఎవరూ నేర్పింది కాదు, కొలిచి కొలిచి వచ్చింది. ఈ పనిలో మనిషికి ఒక అలవాటు పడుతుంది. టేపు పెట్టకుండా ఏదీ చెప్పబుద్ధి కాదు. ఆ బడివాళ్ళకు టేపుతో పనే లేదు. వాళ్ళు అన్నీ చెప్తారు.

బిడ్డకు ఫిట్స్ మొదటిసారి ఇంట్లోనే వచ్చింది. పొద్దున రొట్టె తింటూ తింటూ పక్కకు ఒరిగిపోయింది. కళ్ళు పైకి పోయాయి, చేతులూ కాళ్ళూ కొట్టుకోవడం మొదలైంది. నా భార్య గట్టిగా అరిచింది. మా అవ్వ మాత్రం అరవలేదు. నేరుగా పోయి కొంగుముడి విప్పి, బియ్యం డబ్బా తాళంచెవి తెచ్చి పిల్ల గుప్పిట్లో పెట్టింది. రెండో చేత్తో ఉల్లిగడ్డ నలిపి ముక్కు దగ్గర పట్టింది. కాసేపటికి తగ్గింది. "సూసినవా" అన్నట్టు నా వైపు చూసింది.

నిజామాబాద్‌లో పిల్లల డాక్టరమ్మ దగ్గరికి పోయినప్పుడు అవ్వ కూడా వస్తానని పట్టుబట్టి వచ్చింది. పరీక్షలన్నీ అయ్యాక డాక్టరమ్మ రోజూ రెండు పూటలా తాగించే మందు రాసి, దానితోపాటు ముక్కులో కొట్టే ఒక స్ప్రే రాసింది. ఫిట్ వచ్చినప్పుడు పిల్లను పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. నోట్లో ఏదీ పెట్టొద్దు. కాళ్ళు చేతులు అదిమి పట్టొద్దు. గడియారం చూడాలి. ఐదు నిమిషాలు దాటితే, తాను చెప్పినట్టు ఈ స్ప్రే ముక్కులో కొట్టి దవాఖానకు తేవాలి. ఆలస్యమైతే ప్రాణం మీదికి రావచ్చు. ఇంతే. ఇంత సాఫుగా చెప్పిన మనిషిని నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు.

"ఇనుము పెడితే తగ్గుతది కదమ్మా, గా స్ప్రే ఎందుకు?" అంది అవ్వ.

డాక్టరమ్మ విసుక్కోలేదు. "అవ్వా, చాలా ఫిట్లు వాటంతట అవే తగ్గుతయి. చేతుల ఇనుము పెట్టినా తగ్గుతయి, వంకాయ పెట్టినా తగ్గుతయి. తగ్గంగ చేతుల ఏముంటే దానికే పేరొస్తది. తగ్గని ఫిట్ ఒకటి ఉంటది చూడు, దాని కోసం ఈ మందు."

బోధన్ బస్సు కదిలాక అవ్వ నా చెవి దగ్గర చెప్పింది. "డాక్టరమ్మ మంచిదే గని బిడ్డా, ఇనుము సంగతి తెల్వది."

అవ్వను నేను ఏమీ అనలేను. ఆమె బడి ముఖం చూడలేదు. పైగా డాక్టరును ముఖం మీదే అడిగింది, జవాబు పూర్తిగా విన్నది, నచ్చక వదిలేసింది. అందులో ఒక నిజాయితీ ఉంది. నేను చెప్పబోయే మనిషి ఎమ్మెస్సీ, బీఎడ్. గేటు మీద తన పేరు పక్కన ఆ రెండూ రాయించుకున్నాడు. బడికి యజమాని, కరస్పాండెంట్ ఆయనే. రోజూ నిజామాబాద్ నుంచి కారులో వస్తాడు.

స్ప్రే తీసుకొని నేను ఆయన గదికి పోయాను. డాక్టరమ్మ కాయితం చూపించాను. బిడ్డ క్లాసు టీచరు దగ్గర ఇది ఉంటే చాలన్నాను.

"రూల్ రూలే అన్నా. మందు క్లాసుల ఉండొద్దు. రేపు ఇంకో పిల్లగాడు తీసి ముక్కుల కొట్టుకుంటే ఎవరిది జిమ్మేదారి?"

ఆ ఒక్క మాటలో న్యాయం ఉంది. "పిల్లల చెయ్యి అందకుంట టీచరమ్మ దగ్గర పెట్టించుండ్రి సార్" అన్నాను.

"టీచర్ నర్సు కాదు కదా."

"అయితే నర్సును చూపియ్యుండ్రి. ఆమెకే ఇచ్చి పోత."

ఆయన నవ్వాడు. "మీరు మస్తు మాట్లాడ్తరన్నా" అన్నాడు. నేను హాస్యమాడానని అనుకున్నాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. అంతకు కొద్ది కాలం ముందే అదే బడిలో నులిపురుగుల మాత్రలు వేశారు. దవాఖాన నుంచి మాత్రలు వచ్చాయి. నమిలి మింగించాలని, జ్వరం ఉన్న పిల్లలకు వేయొద్దని, వచ్చిన ఆశా కార్యకర్త చెప్పి కూర్చుంది. ఆమెను పక్కన నిలబెట్టి, ఈ ఎమ్మెస్సీ, బీఎడ్ తన చేత్తో పిల్లల నోట్లో మాత్ర పెడుతున్నట్టు ఫోటోలు దిగాడు. ఫోటో సరిగా రాలేదని మా బిడ్డను మళ్ళీ నోరు తెరువుమన్నాడు. ఆ ఫోటో ఇప్పటికీ బడి గోడ మీద ఉంది. ఆ రోజు తాను నర్సును కానని ఆయనకు గుర్తు రాలేదు. ఫోటో రాని మందు విషయంలోనే ఆయనకు రూల్స్ గుర్తొస్తాయి.

చివరికి స్ప్రేను ఆఫీసు గదిలోని ఇనుప బీరువాలో పెడతానన్నాడు. స్పోర్ట్స్ డే కప్పుల వెనక, పరీక్ష పేపర్ల కట్టల పక్కన దానికి చోటు దొరికింది. తాళం వేసి, గుత్తిని గోడ గడియారం కింద మేకుకు తగిలించాడు. పెద్ద గుత్తి. గేటు, ఆఫీసు, బీరువా, కంప్యూటర్ గది, అన్నీ అందులోనే.

"మీరేం ఫికర్ చెయ్యకుండ్రి అన్నా. మాకు ఎక్స్‌పీరియన్స్ ఉన్నది. పోయిన ఏడు రెంజల్ దిక్కుకెల్లి ఆటోల వచ్చే ఒక పిల్లగానికి గిట్లనే వచ్చింది. ఇగో, గీ గుత్తే చేతుల పెట్టినం. జర్రసేపట్ల లేచి కూసున్నడు."

నేను గుత్తిని చూశాను. బీరువాను చూశాను. "సార్, గుత్తి పాప చేతుల ఉంటే బీరువా ఎట్ల తెరుస్తరు?"

"డూప్లికేట్ ఉన్నది."

"ఎక్కడున్నది?"

"మా ఇంట్ల."

ఆయనే నన్ను ఊరడించాడు. "అయినా బీరువా తెరిచే పనే పడదన్నా. గుత్తి పెట్టినంక తగ్గుతది కదా."

ఈ మాట నేను చాలా రోజులు తలచుకున్నాను. తప్పు పట్టడానికి సందు లేదు. గుత్తితో తగ్గేటట్టయితే మందు అక్కర్లేదు. మందు అక్కర్లేకపోతే తాళం ఎక్కడుంటే ఏమిటి? లెక్క మొత్తం సరిగ్గానే వచ్చింది, మొదటి అంకె ఒక్కటే తప్పు.

బడి మార్పిద్దామని నా భార్యతో అన్నాను. "ఇంకో బడికి పోయినం కదా, ఫిట్స్ అనంగనే సీట్లు లేవన్నరు. గీడ టీచరమ్మన్న మంచిది" అంది. అది నిజమే. క్లాసు టీచరు చిన్న వయసు పిల్ల. స్ప్రే ఎట్లా వాడాలో చూపిస్తానంటే, సెలవు రోజు మా ఇంటికే వచ్చి, నేర్చుకోవడానికని డాక్టరమ్మ ఇచ్చిన ఖాళీ సీసాతో రెండుసార్లు చేసి చూసుకుంది.

ఫోను ఒక చలికాలం పొద్దున వచ్చింది. డిపోలో టేకు దుంగలు దిగుతున్నాయి. "అన్నా, జల్ది రాండ్రి, పాపకు వచ్చింది" అంది టీచరమ్మ. బడి మా డిపోకు రెండు గల్లీల అవతలే. బండి మీద పోయాను. చెరుకు ట్రాక్టరు ఒకటి గల్లీ మూల మీద అడ్డం తిరిగి నిలబడింది. బండి అక్కడే పారేసి మిగతాది ఉరికాను.

బిడ్డ క్లాసు ముందు వరండాలో వెల్లకిలా ఉంది. ఇంకా కొట్టుకుంటోంది. పెదాలు నల్లబడ్డాయి. చుట్టూ టీచర్లు, కిటికీ ఊచల మధ్య పిల్లల ముఖాలు. కరస్పాండెంట్ మోకాళ్ళ మీద కూర్చొని, బిడ్డ కుడి గుప్పిటను తన రెండు చేతులతో అదిమి పట్టుకున్నాడు. ఆ గుప్పిట్లో గుత్తి ఉంది.

ముందు బిడ్డను పక్కకు తిప్పాను. "ఎప్పుడు మొదలైంది?" అన్నాను.

"ఇప్పుడే అన్నా" అన్నాడు కరస్పాండెంట్.

టీచరమ్మ ఏడుస్తోంది. "ఇప్పుడే కాదన్నా. హాజరు పిలుస్తుంటే వచ్చింది. నేను బీరువా తెరువుమన్న. సార్ ముందు గుత్తి పెట్టి చూద్దాం, తగ్గకపోతే అప్పుడు ఫోన్ చేద్దామన్నడు."

నా ఫోను తీసి ఆమె కాల్ వచ్చిన సమయం చూశాను. అక్కడి నుంచే ఐదు నిమిషాలు నిండుతున్నాయి. అంతకుముందు గుత్తి పెట్టి చూసిన సేపు వేరే. ఆ సేపు ఎంతో ఎవరూ చూడలేదు. వాళ్ళ తలల మీదే వరండా గోడకు ఇంకో గడియారం వేలాడుతోంది.

"బీరువా తెరువుండ్రి."

ఎవరూ కదలలేదు. అందరూ బిడ్డ గుప్పిట వైపు చూశారు.

"ఇప్పుడెట్ల తీస్తమన్నా?" అన్నాడు కరస్పాండెంట్. "నడుమల ఇనుము తీస్తే ప్రాణం మీదికి వస్తది."

"ప్రాణం మీదికి వచ్చే ఉన్నది సార్. చెయ్యి తియ్యుండ్రి."

"ఆవేశపడకుండ్రి. ఇంకో ఇనుము తెప్పిద్దాం. అది పెట్టి ఇది తీద్దాం. ఏయ్, వంటగదిల గంటె ఉంటది, తే పో!"

"అది స్టీలుది సార్" అన్నాడు ఒక టీచరు.

"స్టీలుల కూడ ఇనుము ఉంటది సార్" అన్నాడు ఇంకొకాయన. సైన్సు చెప్పేది ఆయనే.

"ఉంటే ఉంటది గని, స్టీలు పనిచెయ్యదు. మా మేనత్తకు పెట్టి చూసినం."

"గంట కొట్టే రాడు పట్టుకురా సార్. అది అచ్చం ఇనుమే."

దేవుడా, వీళ్ళే మా బిడ్డకు చదువు చెప్తున్నది అనుకున్నాను. నా బిడ్డ ఊపిరి గురగురలాడుతుంటే, స్టీలు ఇనుమా కాదా అని పంచాయితీ. వాళ్ళలో ఒక్కరికీ చెడ్డ ఉద్దేశం లేదు. అదే నాకు ఇంకా అసహ్యం కలిగించింది. చెడ్డవాళ్ళయితే తోసేసి పోవచ్చు. వీళ్ళు ఆమె మేలు కోరి ఆమె మందుకు అడ్డం కూర్చున్నారు.

కరస్పాండెంట్ చేతులను నేనే లాగి పక్కకు పెట్టాను. బిడ్డ వేళ్ళు బిగుసుకుపోయి ఉన్నాయి. విరిగిపోతాయేమోనని భయం. ఒక్కొక్క వేలే విడదీశాను. వెనక నుంచి ఎవరో ఆడమనిషి "అయ్యో అయ్యో, తీస్తున్నడు, తీస్తున్నడు!" అంటోంది, నేనేదో ఆక్సిజన్ గొట్టం పీకుతున్నట్టు. గుత్తి చేతికి రాగానే టీచరమ్మకు విసిరాను. ఆమె పట్టుకొని ఉరికింది. లోపల కప్పులు కింద పడిన చప్పుడు వినిపించింది. స్ప్రే తెచ్చి నా చేతిలో పెట్టింది. డాక్టరమ్మ చెప్పినట్టు చెప్పినన్ని సార్లు ముక్కులో కొట్టాను. ఇక చూడటం తప్ప నేను చేయగలిగింది లేదు.

సరిగ్గా అప్పుడే గంట కొట్టే రాడు వచ్చింది. మోచెయ్యంత పొడవు, తుప్పు పట్టిన రాడు. కరస్పాండెంట్ దాన్ని అందుకొని భక్తిగా బిడ్డ అరచేతిలో పెట్టి వేళ్ళు మూశాడు. నేను ఆపలేదు. నా కళ్ళు బిడ్డ ముఖం మీద ఉన్నాయి. కొంతసేపటికి కాళ్ళు నిమ్మళించాయి, తర్వాత చేతులు. పెదాలకు రంగు వచ్చింది. పెద్ద ఊపిరి ఒకటి తీసి వదిలింది.

"రాడు పెట్టంగనే తగ్గింది, చూసిండ్రా!" అన్నాడు కరస్పాండెంట్. చుట్టూ ఉన్నవాళ్ళందరూ తలలూపారు. సైన్సు టీచరు కూడా.

ఆటోలో దవాఖానకు తీసుకుపోయాం. సాయంత్రం దాకా పడుకుంది. లేచాక తన కుడి అరచెయ్యి చూసుకుంది. తాళంచెవుల పళ్ళు దిగిన గుర్తులు ఎర్రగా ఉన్నాయి.

"బాపూ, నా చెయ్యి ఎందుకు నొస్తుంది?"

"తాళంచెవులు పట్టుకున్నవు బిడ్డా."

"నేనెందుకు పట్టుకున్న?"

ఆ అరచేతిని నా చేతిలోకి తీసుకొని మెల్లగా రుద్దాను.

తర్వాత నేను బడికి మళ్ళీ పోయాను. ఈసారి గొంతు పెంచలేదు. స్ప్రే టీచరమ్మ దగ్గర ఉండాలి, ఇది ఒక్కటే మాట అన్నాను. కరస్పాండెంట్ నాకు చాయ్ తెప్పించాడు. జరిగినదాని మీద తాను బాగా ఆలోచించానన్నాడు. లోపం ఎక్కడుందో తెలిసిందన్నాడు. కొత్త రూల్ వస్తున్నదన్నాడు. ఆ ముఖం చూసి, ఒక్క గడియ నేను నమ్మాను కూడా.

రూల్ వచ్చింది. చిన్న కాయితం మీద అచ్చు వేయించి, డైరీ మూడో పేజీలో నర్సు కింద అంటించి పంపారు. "ఫిట్స్ వచ్చు విద్యార్థులు తమ సొంత ఇనుప వస్తువును ఇంటి నుంచి తెచ్చుకొని తరగతి గదిలో ఉంచుకొనవలెను. స్కూల్ తాళంచెవులు ఇకపై ఇవ్వబడవు."

నేను రెండుసార్లు చదివి నా భార్యకు వినిపించాను. ఆమె నవ్విందో ఏడ్చిందో నాకు తెలియలేదు. అవ్వ మాత్రం మెచ్చుకుంది. "ఇప్పుడు బుద్ధి వచ్చింది వాళ్ళకు. ఎవరి ఇనుము వాళ్ళకు ఉండాలె."

ఆ రాత్రంతా, అంటే నిద్ర పట్టేదాకా, ఆ కాయితం నా తలలో తిరిగింది. ఒక బడి. ప్రాణం కాపాడే మందు తరగతి గదిలోకి రాకూడదట. ఇనుప ముక్క మాత్రం రాకపోతే తప్పట. ఇట్లాంటి తల ఉన్న మనుషులతో వాదించి గెలవలేనని నాకు అర్థమైంది. వాదన అంటే ఇద్దరికీ ఒకే కొలబద్ద ఉండాలి. వాళ్ళ దగ్గర ఉన్నది కొలబద్ద కాదు, గంట కొట్టే రాడు.

మరునాడు డిపోకు పోయి టేపు తీసి స్ప్రే సీసాను కొలిచాను. పొడవు, వెడల్పు, మందం. చుట్టూ మెత్తటి బట్ట పెట్టడానికి కొంత కలుపుకున్నాను. మా పక్కనే ఉన్న వెల్డింగ్ షాపులో ఇనుప రేకుతో ఒక పెట్టె చేయించాను. చిన్నది, చేతిలో పట్టేంతది. మూతకు ఒక కొక్కెం. పెద్దవాళ్ళ బొటనవేలితో గట్టిగా నొక్కితేనే తెరుచుకుంటుంది, పిల్లల వేళ్ళకు లొంగదు. ఇంకో పిల్లగాడు తీస్తాడన్న ఆయన మాటలో న్యాయం ఉందని అన్నాను కదా, దాన్ని నేను మరిచిపోలేదు.

వెల్డింగ్ చేసే ఆయన అడిగాడు. "రంగు వెయ్యాల్నా సేఠ్?"

"వద్దు. ఇనుమని కనబడాలె."

బట్ట పరిచి, స్ప్రే పెట్టి, మూత వేసి, బిడ్డతోపాటు తీసుకుపోయి కరస్పాండెంట్ బల్ల మీద పెట్టాను. "సొంత ఇనుప వస్తువు సార్. రూల్ ప్రకారం."

చేతిలోకి తీసుకున్నాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. "మంచిగ చేయించినవన్నా. అసలు ఇనుమేనా? ఈ మధ్య అన్నీ కల్తీ" అన్నాడు. నేను ఏమీ అనకముందే సైన్సు టీచరును పిలిచి అయస్కాంతం తెప్పించాడు. ఆ బడిలో సైన్స్ కిట్టు అల్మారా దాటి బయటికి వచ్చింది నాకు తెలిసి ఆ ఒక్కసారే. అయస్కాంతం పెట్టెకు టక్కున అతుక్కుంది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకొని తృప్తిపడ్డారు.

"ఓకే అన్నా. క్లాసుల పెట్టించుండ్రి."

తెరిచి చూడలేదు. లోపల ఏమున్నదని అడగలేదు. అడిగితే చెప్పేవాణ్ణే. నేను అబద్ధం చెప్పేవాణ్ణి కాదు. అడగాలంటే ముందు ఇనుముకు లోపల అనేది ఒకటి ఉంటుందని తోచాలి.

టీచరమ్మకు మాత్రం దాపరికం లేకుండా చూపించాను. "నీ నౌకరి మీదికి వస్తదంటే వద్దమ్మా, ఇప్పుడే చెప్పు" అన్నాను.

ఆమె పెట్టెను తన బల్ల సొరుగులో పెట్టి మూసింది. "ఇనుము క్లాసుల ఉండాలె అన్నరు. ఇనుము తెరవొద్దని రూల్ల లేదు కదన్నా."

ఆ బడిలో రూల్సును చదివిన మనిషి ఆమె ఒక్కతే.

ఎండలు ముదిరాక, వార్షిక పరీక్షల ముందు ఫిట్ మళ్ళీ వచ్చింది. ఈసారి టీచరమ్మ నాకు ఫోన్ చేసి చెప్పిన మాటలు వేరు. "పక్కకు తిప్పి పండవెట్టిన అన్నా. ఫోన్ల టైము పెట్టిన. ఐదు నిమిషాలు దాటంగనే స్ప్రే కొట్టిన. ఇప్పుడు తగ్గుతుంది. మీరు రాండ్రి." నేను పోయేసరికి బిడ్డ నిద్రలోకి జారుతోంది. చేతిలో ఖాళీ పెట్టె ఉంది.

"ఇదెందుకు పెట్టినవమ్మా?"

"సార్ వస్తున్న చప్పుడైంది అన్నా" అంది మెల్లగా.

కరస్పాండెంట్ అప్పటికే గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ముఖంలో వెలుగు. "చూసినవా అన్నా! సొంత ఇనుము అయితే ఎంత జల్ది పనిచేస్తదో. ఇంకొంచెం బరువుది చేయించి ఉంటే ఇంకా తొందరగా తగ్గేది."

"మోసేది చిన్నపిల్ల కదా సార్" అన్నాను. ఆయనతో నేను మాట్లాడిన చివరి తెలివైన మాట అదే. దాన్ని కూడా ఆయన ఆలోచించదగ్గ సాంకేతిక అభ్యంతరంగా తీసుకొని తల ఊపాడు. మర్నాడు ప్రార్థన దగ్గర ఈ విజయం గురించి పిల్లలందరికీ చెప్పాడట. బిడ్డ ఇంటికొచ్చి నాకు చెప్పింది. "బాపూ, నా పెట్టెకు అందరు చప్పట్లు కొట్టిండ్రు."

కొన్ని రోజులకు ఒకాయన మా డిపో వెతుక్కుంటూ వచ్చాడు. భుజం మీద తువ్వాల, కాళ్ళకు పొలం మట్టి. రెంజల్ దిక్కు రైతు. గుత్తి పట్టి లేచి కూర్చున్న ఆ పిల్లగాని తండ్రి ఈయనే.

"అన్నా, మా పోరనికి కూడ ఇనుము తెమ్మన్నరు. కొడవలి పంపితే సార్ వాపస్ పంపిండు. మీ బిడ్డ పెట్టె మస్తు పనిచేస్తదంట కదా. ఏడ చేయించిండ్రు?"

"మీ పిల్లగాన్ని డాక్టరుకు చూపిచ్చినవా?"

"లేదన్నా. గుత్తితోనే తగ్గింది కదా."

బిడ్డ మధ్యాహ్నం బడి విడిచి డిపోకు వచ్చి ఉంది. బడి విడిచేటప్పుడు టీచరమ్మ రోజూ ఆమె సంచిలో పెట్టి పంపే పెట్టెను తీసి ఆయన చేతికి ఇచ్చాను. బరువు చూశాడు. వేలితో తట్టాడు. నేను కొక్కెం నొక్కి మూత తెరిచాను. ఆయన లోపలికి చూసి, నన్ను చూసి, మళ్ళీ లోపలికి చూశాడు.

"గిది మందు కదన్నా?"

"మందే."

"మందు క్లాసుల ఉండొద్దని రాసిండ్రు కదా?"

"ఇనుము ఉండాలె అని కూడ రాసిండ్రు" అన్నాను.

ఆయన మెల్లగా పక్కనున్న టేకు దుంగ మీద కూర్చున్నాడు. నేను డాక్టరమ్మ దవాఖానకు ఏ బస్సు ఎక్కాలో, ఏ రోజు దొరుకుతుందో చెప్పడం మొదలుపెట్టాను.